ఒళ్ళు కాలే చేప

నా పనిముట్టు పెన్నంత సన్నటి గొట్టం. సూర చేప పక్క రెక్కను ఎత్తి, దాని కింద గుచ్చి, ఒక మెలిక తిప్పి లాగితే అగ్గిపుల్ల మందాన మాంసం కడ్డీ బయటికొస్తుంది. దాన్ని అరచేతిలో పరుచుకుని వెలుతురుకి పెట్టి చూస్తాను. దానిమ్మ గింజలా ఎర్రగా ఉండి, వెలుతురును కాస్త లోపలికి రానిస్తే ఒకటో రకం. ఎరుపు మసకబారితే రెండో రకం. గోధుమరంగుకి తిరిగినా, ఉడికిన కోడిమాంసంలా పాలిపోయినా ఆ చేప ఇక పచ్చిగా తినేవాళ్ళ పళ్ళెం దాకా పోదు. డబ్బాలోకో, కూరలోకో పోతుంది. ఒక్కో చేపకి నాకు పట్టేది అరనిమిషం. కొన్ని రోజుల కిందట సముద్రం మీద ఎవరో ఓ పది నిమిషాలు ఏం చేశారో, ఏం చెయ్యకుండా వదిలేశారో ఆ అరనిమిషంలో బయటపడుతుంది.

విశాఖపట్నం చేపల రేవులో ఈ పని మొదలుపెట్టి 22 ఏళ్ళయింది. మాది జాలరి కుటుంబమే. తాత తెప్ప మీద వేటకెళ్ళేవాడు, మా మేనమామ సోనా రకం మరబోటుకి సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. నేను మాత్రం చదువుకుని, చేపలు ఎగుమతి చేసే కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. అంటే మావాళ్ళు తెచ్చిన చేపకి వంకలు పెట్టి జీతం తీసుకుంటున్నానన్నమాట. ఈ మాట నాది కాదు, మా మావది.

ఆ మాట ఆయన అన్న రోజు బాగా గుర్తు. తెల్లవారుజామున జెట్టీ మీద ఆయన బోటు నుంచి 11 సూరలు దించారు. ఒక్కొక్కటీ పాతిక నుంచి నలభై కిలోలు. చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి. కళ్ళు తేటగా ఉన్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. గొట్టం గుచ్చితే మాత్రం నాలుగే ఒకటో రకం. మిగతా ఏడూ రెండు, మూడు. మావ పది మందిలోనే కేకలేశాడు.

"నా సేపకేటే రోగం? కళ్ళు సూడు, మొప్పలు సూడు. పొద్దున్న తీసినట్టు నేదూ?"

"కళ్ళు బాగానే ఉన్నాయి మావా. లోపల కాలిపోయింది."

"ఐసులో ఎట్టిన సేప కాలిపోడమేటి! ఎవురైనా ఇంటే నవ్వుతారు."

నిజమే, వినడానికి నవ్వొచ్చే మాటే. కానీ జపాన్ వాళ్ళు దీనికి పెట్టిన పేరు కూడా అదే. 'యాకె' అంటారు, అంటే కాలడం. కాలిన మాంసం పాలిపోయి ఉంటుంది, నీరు కారుతుంది, నోట్లో పెట్టుకుంటే కాస్త పులుపు తగులుతుంది. జబ్బేమీ చెయ్యదు. కూర వండితే తేడా తెలియను కూడా తెలియదు. పచ్చిగా ముక్క కోసి తినేవాడికి మాత్రం అది పనికిరాదు. ధరలో తేడా అంతా అక్కడే.

మావ ప్రశ్నకి జవాబు చేప ఒంట్లోనే ఉంది.

అంతకన్నా ముందు, లోపలి జిల్లాల పాఠకుల కోసం ఒక మాట. బయటివాళ్ళు సూరనీ సొరనీ కలిపేస్తుంటారు. సొర అంటే షార్క్. సూర అంటే ట్యూనా. ట్యూనాలో చాలా రకాలున్నాయి. మా రేవులో విలువైనది పసుపు రెక్కల ట్యూనా. వెన్ను మీదా పొట్ట కిందా తోక దాకా వరసగా ఉండే చిన్న చిన్న పసుపు రెక్కలు దాని గుర్తు. మన ఇళ్ళలో దీనికి ఎన్నడూ వంజరానికో చందువకో ఉన్న గౌరవం లేదు. మాంసం ఎరుపు, నెత్తురు ఎక్కువ, నీచు ఎక్కువ అంటారు. మా అమ్మ కూడా సూర తెచ్చిన రోజు చింతపండు రెండింతలు నానబెట్టేది.

చేపలు చల్లని నెత్తురు జీవులని బడిలో చదువుకున్నాం. సూర ఆ పాఠానికి లొంగదు. దాని కండల్లో పుట్టిన వేడి చాలావరకు కండల్లోనే ఉండిపోతుంది. మొప్పల దగ్గర సముద్రపు నీరు తగిలి చల్లబడి వచ్చే నెత్తురు ఒకవైపు, కండల్లో వెచ్చబడి వెనక్కి వెళ్ళే నెత్తురు మరొకవైపు వెంట్రుకల్లాంటి నాళాల్లో ఒకదానికొకటి ఎదురుగా, ఆనుకుని నడుస్తాయి. వెళ్ళేది తన వేడిని వచ్చేదానికి అప్పజెప్పేసి పోతుంది. అలా తన వేడిని తానే దాచుకుంటుంది కాబట్టే ఆ కండకి అంత వేగం. ఇంకో సంగతి, సూర ఒకచోట ఆగి ఊపిరి తీసుకోలేదు. నోరు తెరుచుకుని ఈదుతూ ఉంటేనే మొప్పల్లోకి నీరొస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా దానికి విశ్రాంతి లేదు.

అటువంటి చేపకి గేలం తగిలింది. ప్రాణం పెట్టి గుంజుకుంటుంది. కండలు ప్రాణవాయువు చాలక, దాన్లేకుండానే శక్తి పుట్టించుకుంటాయి. ఆ తంతులో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఒంటి వేడి 35 డిగ్రీల దాకా పోవచ్చు. బంగాళాఖాతం పైనీరే ఏడాదిలో ఎక్కువ కాలం 28 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఆ వేడి తీసుకుపోవడానికి బయట చల్లదనమూ ఉండదు. పాలలో నిమ్మరసం పిండి ఊరికే ఉంచితే ఒక తీరు, పిండి పొయ్యి మీద పెడితే ఇంకో తీరు. వేడీ పులుపూ ఒక్కసారి కలిస్తే పాలు విరిగి నీరు వేరైపోతుంది. సూర కండలో జరిగేదీ ఇంచుమించు అదే. మాంసకృత్తులు విరిగిపోతాయి, పట్టి ఉంచిన నీటిని వదిలేస్తాయి. ఆ తర్వాత ఐసులో పెట్టడమంటే విరిగిన పాలను ఫ్రిజ్‌లో పెట్టడమే.

ఈ కాలిన మాంసం గొడవ మీద హవాయిలో 1980లలో గట్టి పరిశోధనలే జరిగాయి. అక్కడ రాత్రిపూట చేతిగేలంతో పట్టే సూరల్లో ఇది ఎక్కువగా కనిపించింది. లాంగ్‌లైన్‌కి, అంటే వరసగా గేలాలు కట్టిన పొడవాటి తాడుకి, చిక్కి గంటలకొద్దీ నీళ్ళలోనే ఉన్న చేపకన్నా, కాసేపే భీకరంగా పెనుగులాడి వెంటనే పైకొచ్చిన చేప ఎక్కువ కాలుతుందని తేలింది. లాంగ్‌లైన్ మీద చేపకి మళ్ళీ తేరుకునే వ్యవధి దొరుకుతుంది కదా. ఆమ్లమూ వేడీ మాత్రమే కాదు, భయంలో ఒంట్లోకి దూకే హార్మోన్లూ, కండను లోపలినుంచే కొరికే ఎంజైములూ కూడా కారణమని తర్వాత వాదించినవాళ్ళున్నారు. ఆ చర్చ శాస్త్రవేత్తలకి వదిలేద్దాం. డెక్కు మీద నిలబడ్డవాడు చెయ్యాల్సింది అందరూ ఒప్పుకునేదే: చేప పెనుగులాట వెంటనే ఆపాలి, ఒంటి వేడి వెంటనే దించాలి.

ఇదంతా చెబితే మావ విన్నాడు. విని, "ఒడ్డున కూకుని గొట్టం గుచ్చడం కాదు, ఓ పాలి బోటెక్కి సూడు" అన్నాడు. మా ఊళ్ళో ఆడవాళ్ళు వేట బోటు ఎక్కరు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. "గంగమ్మ తల్లి ఆడది కాదేటి?" అని మావ ఒక్క మాటతో ఆవిడ నోరు మూయించాడు. ఫిబ్రవరిలో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడు, రెండు రాత్రుల కోసం ఎక్కాను. మా తీరానికి ఒక సుఖం ఉంది. సముద్రం తొందరగా లోతెక్కుతుంది, నీలినీళ్ళ కోసం మరీ దూరం పోనక్కర్లేదు. నాకు మాత్రం ఆ కాస్త దూరానికే కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేసింది. కళాసీలు ఏడుగురూ మర్యాద కొద్దీ అటు తిరిగి నవ్వుకున్నారు.

తెల్లవారుతూ లైను లాగడం మొదలెట్టారు. మొదటి సూర వచ్చినప్పుడు నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్ళు రోజూ చేసేది చూద్దామని ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చున్నాను. ఇద్దరు కొక్కేలు వేశారు. ఒకటి తల దగ్గర పడింది, రెండోది నడుముకి దిగింది. బోటు అంచు మీదుగా లాగి చెక్కల మీద దబ్బున పడేశారు. అది తోకతో డప్పు వాయించినట్టు వాయిస్తోంది. ఒక కుర్రాడు దుడ్డుకర్రతో నాలుగు దెబ్బలు వేశాడు. మూడు తగిలాయి. ఇంకా కొట్టుకుంటూనే ఉంది. ఈలోగా లైను మీద ఇంకో రకం చేప కనబడింది, అందరూ అటు పోయారు. ఇది ఎండలో పడి, దానంతటదే ఆగింది. ఐసు పెట్టెలోకి దిగేసరికి 42 నిమిషాలు. ఎవరూ బద్ధకించలేదు. చేతులు ఖాళీ లేవు, అంతే.

ఆ చేపని అక్కడే కోసి మావకి చూపించాను. నడుమున కొక్కెం దిగిన చోట పిడికెడు మాంసం నెత్తురు గడ్డకట్టి నల్లగా అయింది. చెక్కల మీద పడ్డ వైపు మాంసం పొరలు విడిపోయాయి. వెన్ను పక్కన, మధ్యలో, వేడి అన్నిటికన్నా ఆలస్యంగా దిగే చోట, అప్పటికే పాలిపోవడం మొదలైంది. మావ వేలితో నొక్కి చూశాడు. ఏమీ అనలేదు. "రెండోదాన్ని నువ్వు సెప్పినట్టు సేద్దాం" అన్నాడు కాసేపాగి.

నేను వెంట తెచ్చుకున్నవి చూసి కళాసీలు బయల్దేరేటప్పుడే నవ్వారు. మా ఇంట్లో పాత స్పాంజి పరుపు, పదును పెట్టిన స్క్రూడ్రైవరు, రెండు బారల లావుపాటి నైలాను గేలపు తాడు, సన్నటి కత్తి, ఒక తడిగుడ్డ. వీటిలో కొనాల్సినంత ఖరీదైనది ఒక్కటీ లేదు. ఐసు నీళ్ళ డ్రమ్ము మాత్రం ముందురాత్రే సిద్ధం చేయించాను.

రెండో సూర వచ్చింది. కొక్కెం తలకే వెయ్యాలన్నాను, వేశారు. పరుపు మీదికి దించారు. పట్టుపరుపు మీద పడుకున్న పెళ్ళికొడుకులా ఉందని ఎవరో అన్నారు. తడిగుడ్డ తీసి దాని కన్ను కప్పాను. చీకటి పడితే చేప చాలావరకు సద్దుమణుగుతుంది, కోడి తల మీద బుట్ట బోర్లించినట్టే. ఆపైన స్క్రూడ్రైవరు. సూర నెత్తిన, రెండు కళ్ళకీ నడుమ కాస్త వెనక, చర్మం కింద లేత రంగు మచ్చ ఒకటుంటుంది. మెదడు దాని కిందే. వెనక్కి ఏటవాలుగా ఒక్క పోటు పొడవాలి.

పొడిచాను. తప్పింది.

ఆ తర్వాత పావు నిమిషం ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. గుడ్డ ఎగిరిపోయింది, తోక ఒక కళాసీ ముంగాలికి తగిలింది, నేను వెల్లకిలా పడ్డాను. మావ నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని, మోకాలితో దాని తల నొక్కిపెట్టి, ఒక్క పోటు దించాడు. చేప ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. నోరు తెరుచుకుంది, రెక్కలు విప్పుకున్నాయి, అంతే, మెత్తబడిపోయింది. 40 ఏళ్ళుగా కర్రతో కొట్టిన మనిషి. చేప అంత తొందరగా నెమ్మదించడం ఆయన అప్పుడే చూశాడు. ఆ మొహం చూస్తే నాకు నా నడుం నొప్పి గుర్తు రాలేదు.

జపాన్‌లో ఈ పద్ధతిని 'ఇకె జిమె' అంటారు. అక్కడ తరతరాల విద్య ఇది. మెదడుకి పొడిచిన కంతలోంచే నైలాను తాడు దించి, వెన్నుపాము ఉండే సన్నటి కాలువ వెంట తోక దాకా తోస్తారు. మెదడు పోయినా వెన్నుపాము కండలకి తంతి కొడుతూనే ఉంటుంది. కండలు గిలగిలలాడుతూనే ఉంటాయి, మిగిలిన శక్తి ఖర్చయి ఆమ్లం పెరుగుతూనే ఉంటుంది. తాడు దిగుతుంటే చేప తల నుంచి తోక దాకా ఒక అల సాగినట్టు జలదరిస్తుంది. తర్వాత బిగువు పూర్తిగా పోతుంది. చావు బిగింపు కూడా ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుంది.

తర్వాత నెత్తురు తియ్యాలి. మేకని హలాల్ చేసేవాళ్ళని చూసిన మనకి ఇది కొత్త కాదు: గుండె కొట్టుకుంటున్నప్పుడే నెత్తురు బయటికి తోస్తుంది. మెదడు పోయినా సూర గుండె ఇంకొన్ని నిమిషాలు ఆడుతుంది. ఆ నిమిషాలే మన గడువు. పక్క రెక్కను ఒంటికి ఆనిస్తే అది సరిగ్గా అతుక్కునే పల్లం ఒకటుంటుంది. రెక్క మొదలు నుంచి మూడు వేళ్ళ వెడల్పు వెనక, ఆ పల్లంలో, నిలువుగా ఒక చిన్న గాటు. చర్మం కిందుగా పెద్ద నెత్తురునాళం వెళ్ళేది అక్కడే. లోతు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. రెండు వైపులా గాటు పెట్టి, మొప్పల వెనకాల పొర కోసి, సముద్రపు నీళ్ళ గొట్టం పెట్టేశాం. డెక్కంతా ఎర్రబడింది. మన ఇళ్ళలో సూర అంటే నీచు అని ముక్కు చిట్లించేది ఈ నెత్తురు లోపలే గడ్డకట్టిన చేపని తిని. చింతపండు రెండింతలు పడేది అందుకే.

మొప్పలూ పేగులూ తీసే పని మావ నాకన్నా వేగంగా చేశాడు. పొట్ట నిలువునా చీల్చకూడదు. మలద్వారం దగ్గర చిన్న కోత పెట్టి పేగు తెంచి, మొప్పల వైపు నుంచి మొత్తం ఒక్క లాగులో తియ్యాలి. మాంసం ఎంత తక్కువ బయటపడితే అంత మేలు. వెన్ను వెంట అంటిపెట్టుకున్న నల్లటి నెత్తురుని గట్టి బ్రష్షుతో తోమాలి. కడగడం సముద్రపు నీళ్ళతోనే, మంచినీళ్ళు తగిలితే మాంసం రంగు చెడుతుంది. ఇంకొకటి మావాళ్ళకి చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది: పెద్ద చేపని తోక పట్టి వేలాడదీయకూడదు. దాని బరువుకి వెన్ను దగ్గర మాంసం లోపలే చీలుతుంది. నీళ్ళలో పుట్టిన ఒళ్ళు, గాలిలో వేలాడ్డానికి అమరినది కాదు.

ఇక ఐసు. మా రేవులో అందరికీ తెలిసిన ఐసు వాడకం ఒకటే. దిమ్మని మరలో పిండి, చేప మీద పరచడం. కానీ ఐసు ముక్కలు చేపని అక్కడక్కడా తాకుతాయి, మధ్యలో గాలి సందులు ఉంటాయి. అదే ఐసు రెండు పాళ్ళకి ఒక పాలు సముద్రపు నీరు కలిపి పాయసంలా చేస్తే ఒళ్ళంతా ఒకేసారి తాకుతుంది, వేడి చాలా తొందరగా దిగుతుంది. ఉప్పు వల్ల ఆ నీళ్ళు సున్నాకి కూడా కాస్త కిందికి పోతాయి. అంత పెద్ద చేప నడిమధ్య చల్లబడాలంటే అప్పటికీ రాత్రంతా పట్టవచ్చు. తర్వాతే తీసి, పొట్ట లోపల ఐసు కూరి, గుడ్డ చుట్టి, ఐసులో సర్దాలి.

ఎంత ఐసు కావాలి? మావ అడిగింది అదే. సిగరెట్ పెట్టె వెనక లెక్కేసి చూపించాను. 30 కిలోల సూర, ఒంటి వేడి 32 డిగ్రీలు. సున్నాకి దించాలంటే తీసెయ్యాల్సిన వేడి సుమారు 800 కిలోకేలరీలు. కిలో ఐసు కరిగితే 80 తీసుకుంటుంది. అంటే చేపని చల్లబరచడానికే పది కిలోల ఐసు కరిగి నీరవ్వాలి. అది చల్లబడ్డాక ఒడ్డు చేరేదాకా చల్లగా ఉంచడానికి కావలసింది వేరే. బోటు పక్కల నుంచి వచ్చే వేడి వేరే, పెట్టె మూత తీసినప్పుడల్లా పోయేది వేరే. అందుకే ఉష్ణదేశాల్లో చేప బరువుకి తక్కువ కాకుండా ఐసు ఉండాలంటారు.

"బాగుంది పాపా. పెద్ద సేపలు రెండు పట్టేలోపు ఇంకో డ్రమ్మేత్తాం. గానీ ఒకటి సెప్పు. దీనికి ఎక్కువిత్తారా?"

మావ అడిగిన ప్రశ్నలన్నిట్లో నా దగ్గర జవాబు లేనిది ఇదొక్కటే. అప్పటికి మా రేవులో పద్ధతి, ఇప్పటికీ చాలావరకు అదే: చేపని రాశి పోసి, కిలోకి ఒక ధర. మెదడుకి పోటు వేసి, నెత్తురు తీసి, ఐసు నీళ్ళలో దించిన చేపా అంతే. ఎండలో 42 నిమిషాలు పడి ఉన్న చేపా అంతే. ఎక్కువ చేప కూరకే కదా పోయేది, లారీలెక్కి కేరళ వైపు వెళ్ళిపోతుంది. మంచి చేపని మా కంపెనీలాంటివాళ్ళం వేరు చేసి తీసుకుంటాం, కానీ వేరు చేశాక వచ్చే లాభం బోటు దాకా తిరిగి రాదు. ఇక్కడ ఐసు ఖర్చు ఎవరిదో కూడా చెప్పాలి. వేట సొమ్ములోంచి ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి, మిగిలింది యజమానికీ కళాసీలకీ వాటాలు పడుతుంది. అంటే ఇంకో పది దిమ్మలు వేసుకుంటే ఆ డబ్బు ముంగాలికి తోక దెబ్బ తిన్న కుర్రాడి జేబులోంచి కూడా పోతుంది.

మనవాళ్ళకి తెలియదు, నేర్పాలి, అని సభల్లో చెప్పేవాళ్ళని నేను 22 ఏళ్ళుగా వింటున్నాను. నేర్పేవాళ్ళకి విశాఖలో కొదవ లేదు. వేట పనుల్లో శిక్షణ ఇచ్చే సిఫ్నెట్ శాఖ ఉంది, భారత మత్స్య సర్వే సంస్థ స్థావరం ఉంది, చేపల సాంకేతిక పరిశోధన సంస్థ కేంద్రం ఉంది, సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా ఎన్నోసార్లు శిక్షణలు పెట్టింది. నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. పూడిమడక లాంటి ఊళ్ళలో గేలంతో సూర పట్టే చేతుల నేర్పు చూస్తే ఎవరైనా దండం పెట్టాల్సిందే. నా అభిప్రాయం ఒక్కటే: తెలివి తక్కువై కాదు, ధర తేడా లేకనే ఆ చేతులు కర్రకి తిరిగి పోతున్నాయి. శిక్షణ పత్రాలు ఇచ్చే రోజునే రెండు ధరల పలకని కూడా జెట్టీ మీద వేలాడదీసి ఉంటే, నాకు ఇన్నేళ్ళు గొట్టం పట్టుకుని తిట్లు తినే పని ఉండేది కాదు.

ఇప్పటిదాకా చెప్పింది రుచి, రంగు, ధర. ఆరోగ్యం సంగతి వేరు. అది బజార్లో సూర కొనే ప్రతివాళ్ళకీ పనికొచ్చేది.

సూర కండలో హిస్టిడిన్ అనే పదార్థం దండిగా ఉంటుంది. వేగంగా ఈదేటప్పుడు పుట్టే ఆమ్లాన్ని తట్టుకోవడానికి చేప దాచుకున్న మందు అది. చేప చచ్చి వెచ్చగా పడి ఉంటే, మొప్పల్లోంచీ పేగుల్లోంచీ వచ్చిన బాక్టీరియా ఆ మందునే హిస్టమిన్‌గా మార్చేస్తుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దురద, గుండె దడ. అందరూ 'చేప పడలేదు' అనుకుంటారు. చెడింది మన ఒళ్ళు కాదు, చేప. కానాగంతలకీ కవ్వలకీ కూడా ఈ ప్రమాదం ఉంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, హిస్టమిన్ ఒకసారి పుట్టాక ఎంత వండినా పోదు, గడ్డకట్టించినా పోదు, డబ్బాలో వేసినా పోదు. పైగా దానికి వాసన ఉండి తీరాలని లేదు. ఐరోపా దేశాలు కిలోకి సగటున 100 మిల్లీగ్రాములు దాటితే సరుకు తిప్పి పంపుతాయి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ సూచనల్లో, గాలి గానీ నీరు గానీ 28.3 డిగ్రీలు దాటే చోట చచ్చిన చేప 6 గంటలలోపు ఐసులో ఉండాలని రాసి ఉంది. మన సముద్రం ఏడాదిలో చాలా నెలలు ఆ గీత దగ్గరే తిరుగుతుంటుంది. ఇంట్లో మీరు చెయ్యగలిగింది చిన్నదే. సూరని ఐసు మీద ఉన్నచోటే కొనండి, కొన్నాక స్కూటరు డిక్కీలో పెట్టుకుని ఊరంతా తిరగకండి. ముక్క నోట్లో పెట్టుకోగానే నాలుక చివర మిరియం తగిలినట్టు చురుక్కుమంటే, మసాలా అనుకోకుండా ఉమ్మెయ్యండి. అయినా ఒంట్లో తేడా వస్తే డాక్టరు దగ్గర ఏ చేప తిన్నారో చెప్పండి.

రంగు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. సూర మాంసం గాలి తగిలితే గోధుమరంగుకి తిరగడం సహజం. మామూలు ఫ్రీజరు చల్లదనం కూడా దాన్ని ఆపలేదు. అందుకే జపాన్ పెద్ద ఓడలు మైనస్ 60 డిగ్రీల దగ్గర నిలవ చేస్తాయి. కొన్ని దేశాల్లో కార్బన్ మోనాక్సైడ్ పట్టించి పుచ్చకాయంత ఎర్రగా నిలబెట్టే పద్ధతి ఉంది. ఐరోపాలో దానికి ఒప్పుకోరు. వారం గడిచినా గులాబీ రంగు వదలని ముక్క కనబడితే నేనైతే చెయ్యి పెట్టను.

ఆ ఫిబ్రవరిలో రెండో సూర సంగతి చెప్పలేదు కదూ. ఒడ్డుకొచ్చాక నేనే గొట్టం గుచ్చాను. పక్కన మావ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఒకటో రకం. కంపెనీలో గట్టిగా అడిగి, పోటు వేసి తెచ్చిన చేపకి వేరే ధర రాయించాను. పెద్ద తేడా కాదు గానీ, రాశిలో కలవని ధర. ఇప్పుడు మావ బోటుతో పాటు ఇంకో రెండు బోట్లకి ఆ ధర నడుస్తోంది. రేవులో ఉన్న బోట్లన్నిటి లెక్కలో అది ఏ మూలకీ రాదు.

ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం ముగిసి, జూన్ 15న బోట్లు మళ్ళీ కదిలాయి. మొదటి వేట నుంచి మావ 14 సూరలు తెచ్చాడు. తొమ్మిది ఒకటో రకం. మిగతా అయిదింటిలో రెండు గేలం మీదే చచ్చి వచ్చినవి, వాటికి ఎవరూ చేసేదేమీ లేదు. మూడింటి సంగతేమిటని అడిగాను. పరుపు తడిసి బరువెక్కిందని కొత్త కళాసీ ఎవడో దాన్ని సముద్రంలోకి గిరాటేశాడట.

"ఇంకోటి సూడు పాపా" అన్నాడు మావ. మా ఇంట్లో ఇక పాతవి లేవు. కొత్తదే కొనాలి.